కాల్చిన ఆలుగడ్డ – మన ఇంటి వెన్న, పెరుగు, పన్నీరు

(హైదరాబాదు మధురానగర్‌లో పాల సంఘాల సభ్యుల కొరకు జరిపిన వంట ప్రదర్శనలో ఇచ్చిన ప్రసంగ పాఠం. రాలేకపోయిన సభ్యుల సౌకర్యార్థం ప్రచురిస్తున్నాము.)



పొద్దున్నే పాలు పితికి, కేంద్రంలో పోసి, బస్సెక్కి ఇంత దూరం వచ్చారు. సాయంత్రం పితికే వేళకు మళ్ళీ ఇంటికి చేరుకోవాలి. బర్రె మన సభలను, ప్రసంగాలను లెక్కచేయదు గదా. అందుచేత అసలు సంగతికి త్వరగా వస్తాను.

నేనివాళ చెప్పబోయేది ఒక వంటకం గురించి. పెద్ద ఆలుగడ్డను తొక్కతోనే నిదానంగా కాల్చి, మధ్యకు చీల్చి, దానిలో వెన్న కలిపి, పైన గట్టి పెరుగు, పన్నీరు, ఉల్లికాడలు, పల్లీలు వేసుకుని వేడివేడిగా తినడం. ఇంగ్లీషువాళ్ళు దీనిని బేక్డ్ పొటాటో అంటారు. తొక్క తీయకుండా వుంచుతారు గనుక జాకెట్ పొటాటో అని కూడా అంటారు. జొన్నరొట్టె పక్కన పెట్టుకోవచ్చు, పప్పుచారు అన్నం పక్కన పెట్టుకోవచ్చు. ఆకలిగా వున్న పిల్లవాడికి అదొక్కటే ఒక పూటకు సరిపోతుంది.

వంట సభకు మధురానగర్‌ను ఎందుకు ఎంచుకున్నారని కొందరు అడిగారు. మీలో చాలామందికి ఈ చోటు కొత్త కాదు. ఇటు అమీర్‌పేట, అటు యూసుఫ్‌గూడ. మైత్రీవనం దగ్గర కంప్యూటరు కోర్సులు నేర్చుకునే పిల్లలు, ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు ఈ వీధులలోని హాస్టళ్ళలోనే వుంటారు. 2019లో హైటెక్ సిటీ వరకు మెట్రో రైలు వచ్చిన తరువాత ఉద్యోగాలు చేసేవారు కూడా ఇక్కడ గదులు తీసుకుంటున్నారు. వారిలో మన పల్లెల పిల్లలు ఎందరో. మీరు తెల్లవారుజామున క్యానులో పోసిన పాలు శీతలీకరణ కేంద్రం, డెయిరీ దాటి, ప్యాకెట్టుగా ఈ వీధులకే వస్తున్నాయి. పాల బిల్లు డబ్బుతో మీరు కట్టే హాస్టలు ఫీజు కూడా ఈ వీధులకే వస్తున్నది. మన పాలూ, మన పాల డబ్బూ రెండూ చేరే చోటు ఇది. మరి ఊళ్ళో మన ఇంట్లో మిగిలేది ఏమిటి? ఈ ప్రశ్న అడగడానికి ఇంతకన్నా తగిన చోటు నాకు కనిపించలేదు.

పేరు ఏదైనా గడ్డ ఒకటే

మన తెలంగాణలో ఆలుగడ్డ అంటాము. కోస్తా జిల్లాలలో బంగాళాదుంప అంటారు. రాయలసీమలో ఉర్లగడ్డ అంటారు. బంగాళాదుంప అన్న పేరులోనే అది మనది కాదు, పైనుంచి వచ్చిందని తెలుస్తున్నది. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. అక్కడినుంచి 16వ శతాబ్దంలో స్పెయిన్ దేశస్థులు యూరపుకు తెచ్చారు. పోర్చుగీసువారు మన పడమటి తీరానికి తెచ్చారు.

ఇప్పుడు మన దగ్గర జహీరాబాద్ ప్రాంతంలో శీతకాలపు పంటగా ఆలుగడ్డ బాగా పండిస్తారు. మిగిలిన కాలమంతా హైదరాబాదుకు ఉత్తరప్రదేశ్‌లోని ఆగ్రా వైపునుంచి లారీలలో వస్తుంది. బోయిన్‌పల్లి మార్కెట్టులో దిగి, ఎర్రగడ్డ రైతుబజారు వంటి చోట్లకు చేరుతుంది.

గడ్డను నిప్పులలో కాల్చుకోవడం మనకు కొత్త విద్య కాదు. శివరాత్రికి కందగడ్డను కుంపట్లోనో పొయ్యి బూడిదలోనో కాల్చుకు తిన్నవాళ్ళమే. కొత్త ఏమిటంటే దాని మీద పాడి సరుకు వేసుకోవడం. టర్కీ దేశంలోని ఇస్తాంబుల్ నగరంలో ఓర్తాకోయ్ అనే పేట వున్నది. అక్కడ బండ్లవాళ్ళు పెద్ద ఆలుగడ్డను కాల్చి, చీల్చి, లోపలి గుజ్జులోనే వెన్న, చీజు వేసి బాగా కలిపి, ఆ పైన పది రకాలు పేర్చి ఇస్తారు. దానిని కుంపీర్ అంటారు. మన మిర్చి బజ్జీల బండి దగ్గర మూగినట్టే అక్కడా జనం మూగుతారు.

వెన్న అమ్ముకుని మజ్జిగ తాగినవాళ్ళు

పాల సంఘాల సభలో ఆలుగడ్డ కథ దేనికని అనుకోవద్దు. గడ్డకూ, వెన్నకూ, సహకార సంఘానికీ ముడిపడిన చరిత్ర ఒకటి వున్నది. అది ఐర్లండు దేశపు చరిత్ర.

1845కు ముందు ఆ దేశంలో దాదాపు మూడోవంతు జనం ఆలుగడ్డల మీదనే బ్రతికేవారు. వారు కూలీలు, చిన్న రైతులు. ఐర్లండు పచ్చిక దేశం. ఆవులు వున్నాయి, పాలు వున్నాయి, వెన్న వున్నది. అక్కడి కార్క్ నగరపు వెన్న మార్కెట్టు ఆ రోజులలో ప్రపంచంలోనే పెద్దది. కాని చిన్న రైతు చిలికిన వెన్న కౌలు కట్టడానికి పోయేది. ఇంట్లో మిగిలేది మజ్జిగ. పూటపూటకూ పళ్ళెంలో గడ్డ, గిన్నెలో మజ్జిగ.

గడ్డా మజ్జిగా తిన్నవాళ్ళు బలహీనులని నేను అనడం లేదు. మజ్జిగలో మాంసకృత్తులు వున్నాయి, సున్నం వున్నది. ఆ తిండితో వాళ్ళు కాయకష్టం చేశారు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మంచి సరుకంతా బజారుకు పోయి, ఇంటి బ్రతుకు ఒక్క గడ్డ మీద నిలిచింది. 1845లో ఆలుగడ్డ పైరుకు తెగులు వచ్చింది. చేలు కుళ్ళిపోయాయి. 1852 నాటికి ఆకలితో, రోగాలతో సుమారు 10 లక్షలమంది చనిపోయారు. అంతకు తక్కువ కాకుండా జనం దేశం విడిచి పోయారు. ఆ కరువు ఏళ్ళలో కూడా ఐర్లండు వెన్న ఓడలెక్కి ఇంగ్లండుకు పోతూనే వున్నది.

తరువాత 1889లో అదే దేశంలో, లిమరిక్ జిల్లా డ్రమ్‌కొలోగర్ అనే ఊళ్ళో, హొరేస్ ప్లంకెట్ అనే పెద్దమనిషి పూనికతో పాడి రైతుల సహకార వెన్న కేంద్రం మొదలయింది. రైతులే యజమానులు. 1946లో గుజరాతులోని ఆనంద్‌లో పాల రైతులు తమ సంఘం పెట్టుకున్నది కూడా దళారి చేతిలోనుంచి తమ పాలు విడిపించుకోవడానికే. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ వచ్చింది. మన రాష్ట్రంలో 1974లో పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ, 1981లో సహకార సమాఖ్య ఏర్పడ్డాయి. 2014లో రాష్ట్రం వేరయిన తరువాత తెలంగాణకు తన సమాఖ్య వచ్చింది. 2000 తరువాతి తొలి ఏళ్ళలో ముల్కనూరు ఆడవాళ్ళు తమ డెయిరీని తామే నడపవచ్చునని చూపించారు.

సంఘం వల్ల మనకు తూకం వచ్చింది, వెన్న శాతాన్ని బట్టి ధర వచ్చింది, క్రమం తప్పని బిల్లు వచ్చింది. ఐర్లండు కౌలుదారుకు ఇవేవీ లేవు. అతనికి వెన్న అమ్మక తప్పదు. మనకు ఆ నిర్బంధం లేదు. అయినా ఎన్నో ఇళ్ళలో రెండు పూటల పాలు కేంద్రంలో పోసి, అర లీటరు టీకి వుంచి, పిల్లవాడికి ఆ టీయే పోస్తున్నాము. ఎంత పోయాలన్నది మన ఇష్టం. ఎంత వుంచుకోవాలన్నదీ మన ఇష్టమే. ఈ రెండో మాట మరచిపోతున్నామని నా మనవి.

పాలు, గడ్డ ఒకదానికొకటి తోడు

ఆలుగడ్డలో ముప్పాతిక వంతు పైన నీరే. మిగిలినది చాలావరకు పిండి పదార్థం. కొంత సి విటమిను, పొటాషియం వున్నాయి. మాంసకృత్తులు నూటికి రెండు పాళ్ళు మాత్రమే. కొవ్వు లేనట్టే లెక్క. ఎ విటమిను లేదు. ఎముకలకు కావలసిన సున్నం చాలా తక్కువ.

గడ్డలో లేనివన్నీ పాలలో వున్నాయి. వెన్నలో కొవ్వు, ఎ విటమిను. పెరుగులో, పన్నీరులో సున్నం, మేలైన మాంసకృత్తులు. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. సున్నం వెన్నలోకి రాదు, మజ్జిగలోనే వుండిపోతుంది. కాబట్టి గడ్డ మీద వెన్న ఒక్కటే వేస్తే సగం పనే అవుతుంది. పెరుగో పన్నీరో కూడా వుండాలి. మజ్జిగ పారబోయకూడదు.

ఈ నగరంలోనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ వున్నది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ. ఒక మనిషి రోజు మొత్తంలో ఏమేమి తినాలో చెప్పే వారి పట్టికలో పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు వున్నది. మీ ఇంట్లో ఒక్కొక్కరికీ అంత అందుతున్నదా? ముఖ్యంగా ఆడపిల్లకూ, కోడలికీ అందుతున్నదా? ఇంటికి వెళ్ళి లెక్క చూసుకోండి.

కావలసినవి (నలుగురికి)

పెద్ద ఆలుగడ్డలు 4 – ఒక్కొక్కటి 200 నుంచి 250 గ్రాములు.
వెన్న 60 గ్రాములు – మనిషికి ఒక పెద్ద చెంచా చొప్పున.
గుడ్డలో కట్టి నీరు తీసిన గట్టి పెరుగు 200 గ్రాములు.
పన్నీరు 100 గ్రాములు.
ఉల్లికాడలు ఒక కట్ట. దొరకకపోతే ఉల్లిపాయ సన్నగా తరిగినది.
వేయించి పలుకులు చేసిన పల్లీలు గుప్పెడు.
పచ్చిమిర్చి 2, వెల్లుల్లి 4 రెబ్బలు, వేయించిన జీలకర్ర పొడి, కొత్తిమీర, ఉప్పు.
కారం ఇష్టమైనవారికి నువ్వుల పొడి గాని, వెల్లుల్లి కారం గాని.

దీనికి పాలు ఎన్ని పడతాయో మీకు తెలియాలి. మంచి బర్రె పాలు అయితే 60 గ్రాముల వెన్నకు ముప్పాతిక లీటరు పైన, పెరుగుకు అర లీటరు, పన్నీరుకు అర లీటరు. మొత్తం రెండు లీటర్లకు కొంచెం తక్కువ. వెన్న కొరకు నాలుగైదు రోజుల మీగడ కూడబెట్టవచ్చు. చిలికిన మజ్జిగ, పెరుగు నీరు, పన్నీరు తేట మిగులుతాయి. మజ్జిగ తాగండి. పెరుగు నీరు చారులో పోయండి. పన్నీరు తేటతో చపాతీ పిండి కలపండి, లేదా పప్పు వుడికించండి.

గడ్డను ఎంచుకోవడం

కాల్చడానికి కొత్తగా తవ్విన, పలుచని తొక్క గడ్డ పనికిరాదు. అది కాల్చినా జిగటగానే వుంటుంది. ముదిరి, ఆరి, తొక్క గట్టిపడిన గడ్డ పిండిపిండిగా విచ్చుకుంటుంది. అనుమానంగా వుంటే ఒక పరీక్ష వున్నది. పాలకు లాక్టోమీటరు ఎలాగో గడ్డకు ఉప్పునీరు అలాగ. పదకొండు గ్లాసుల నీటిలో ఒక గ్లాసు ఉప్పు కరిగించి గడ్డను వేయండి. మునిగితే పిండి ఎక్కువ, కాల్చడానికి మంచిది. తేలితే నీరు ఎక్కువ, కూరకు వుంచుకోండి. పరీక్ష అయిన వెంటనే మంచినీళ్ళతో కడిగి తుడవండి.

పచ్చగా మారిన గడ్డ, మొలకలు వచ్చిన గడ్డ విషయంలో జాగ్రత్త. ఆ పచ్చదనం వున్న చోట చేదు విషం చేరుతుంది. కాల్చినా వుడికించినా అది పోదు. కొంచెమే వుంటే ఆ భాగాన్ని లోతుగా కోసి పారవేయాలి. ఎక్కువ వుంటే గడ్డనే పారవేయాలి. బర్రెకు కూడా వేయవద్దు.

కాల్చే విధానం

ముందు గడ్డలను మట్టి లేకుండా రుద్ది కడిగి, తడి లేకుండా తుడవాలి. ముల్లుచెంచాతో గాని, శుభ్రమైన దబ్బనంతో గాని ఏడెనిమిది చోట్ల పొడవాలి. లోపలి ఆవిరి బయటకు పోవడానికి దారి ఇవ్వకపోతే గడ్డ పగిలిపోవచ్చు. తొక్కకు కొంచెం నూనె, ఉప్పు రుద్దాలి. ఆ తరువాత ఎవరి వసతిని బట్టి వారు చేయవచ్చు.

మొదటిది దాలి. పిడకలతో పాలు కాచే దాలి ఇంకా వున్న ఇళ్ళకు ఇంతకన్నా మంచి పొయ్యి లేదు. పాలకుండ దించిన తరువాత నివురు కింద నిప్పు ఇంకా వుంటుంది. గడ్డలను ఆ నివురులో పూర్తిగా కప్పి, ముప్పావు గంట నుంచి గంట వరకు వుంచండి. మధ్యలో ఒకసారి తిప్పండి. దీనికి నూనె రుద్దనక్కరలేదు. తీసిన తరువాత బూడిద బాగా దులిపి, తడిగుడ్డతో తుడవాలి.

రెండోది ఇసుక. పేలాలు వేపుకునే మంగలం గాని, అడుగు మందంగా వున్న పాత ఇనుప గిన్నె గాని తీసుకోండి. మూడు వేళ్ళ ఎత్తు ఇసుక పోసి పది నిమిషాలు వేడి చేయండి. గడ్డలు పెట్టి, మూత వేసి, సన్నని మంట మీద గంటసేపు వుంచండి. పావుగంటకొకసారి తిప్పండి. ఇసుక బదులు కల్లుప్పు వాడవచ్చు. ప్రెషరు కుక్కరు మాత్రం వాడవద్దు. నీళ్ళు లేకుండా కాగితే అది పాడవుతుంది.

మూడోది కరెంటు ఓవెను. 200 డిగ్రీల వేడిలో గంటసేపు. గడ్డలను పళ్ళెంలో కాక జల్లెడ కమ్ముల మీద పెడితే అన్ని వైపులా సమంగా కాలుతుంది. వెండిరంగు కాగితం చుట్టవద్దు. చుడితే ఆవిరి లోపలే చిక్కి గడ్డ కాలడానికి బదులు వుడుకుతుంది, తొక్క మెత్తబడుతుంది. కాగితం చుట్టిన కాల్చిన గడ్డను రాత్రంతా బయట వుంచి మర్నాడు తినడం అసలే ప్రమాదం. గాలి సోకని ఆ చోట విషక్రిములు పెరుగుతాయి.

పుల్ల గుచ్చి చూస్తే అడ్డు లేకుండా లోపలికి దిగాలి. అప్పుడు గడ్డ అయినట్టు. దించిన వెంటనే మధ్యకు చీల్చి, రెండు వైపులా నొక్కి విప్పాలి. ఆలస్యం చేస్తే ఆవిరి నీరై గుజ్జు జిగటబడుతుంది. వుడికించిన గడ్డకూ కాల్చిన గడ్డకూ తేడా ఇక్కడే వున్నది. వుడికితే నీరు లోపలే వుంటుంది. కాలితే నీరు కొంత ఎగిరిపోయి, ఆ ఖాళీలలోకి వెన్న దిగుతుంది.

పైన వేసేవి

పెరుగు: ముందురోజు రాత్రి అర లీటరు పాలు కాచి తోడు వేయండి. పొద్దున పలుచని గుడ్డలో మూటకట్టి, నీడలో మూడు నాలుగు గంటలు వేలాడదీయండి. వెల్లుల్లి, పచ్చిమిర్చి దంచి, ఉప్పు, జీలకర్ర పొడితో కలిపి పెరుగులో గిలకొట్టండి. పుల్లబడిన పెరుగు వద్దు.

పన్నీరు: అర లీటరు పాలు పొంగు వచ్చిన తరువాత దించి, రెండు నిమిషాలు ఆగి, నిమ్మరసం కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. తేట పచ్చగా విడిపోగానే ఆపివేయాలి. ఎక్కువ పోస్తే పన్నీరు గట్టిపడి పులుస్తుంది. గుడ్డలో వడగట్టి, చల్లనీళ్ళతో ఒకసారి కడిగి పిండండి. ముక్కలుగా కోయనక్కరలేదు, చేత్తో పొడి చేస్తే చాలు.

వేడి గడ్డ చీల్చగానే ముందు వెన్న, చిటికెడు ఉప్పు వేసి, గుజ్జును తొక్కలోనే చెంచాతో మెదపండి. వెన్న మొదట వేయాలి. పెరుగు ముందు వేస్తే గడ్డ చల్లబడి వెన్న కరగదు. దాని మీద పన్నీరు పొడి, ఆపైన పెరుగు, చివరకు ఉల్లికాడలు, కొత్తిమీర, పల్లీలు, కారప్పొడి. పల్లీలు తినేముందే వేయాలి, లేకపోతే మెత్తబడతాయి.

ఇవిగో, ఇసుకలో పెట్టిన గడ్డలు అయినాయి. అందరూ దగ్గరకు రండి. ముందు వాసన చూడండి, తరువాత రుచి చూడండి.

సభ్యులు అడిగిన ప్రశ్నలు

"అక్కా, తొక్క తినొచ్చునా? మా పిల్లలు తీసి పడేస్తరు" అని ఒక చెల్లెలు అడిగింది. బాగా కడిగితే తినవచ్చు. పీచు వుంటుంది. తొక్క కరకరలాడేటట్టు కాలిస్తే పిల్లలే అడిగి తింటారు. పచ్చగా వున్న తొక్క మాత్రం వద్దు.

"మా మామకు షుగర్ వున్నది, పెట్టొచ్చునా?" షుగరు వున్నవారికి డాక్టరు మాటే ప్రమాణం. తినమంటే సగం గడ్డ చాలు. వెన్న తగ్గించి పెరుగు, పన్నీరు ఎక్కువ వేయండి. ఆ పూట అన్నం ఆ మేరకు తగ్గించాలి. గడ్డను కూరగాయ అనుకుని అన్నం మామూలుగా తినడం పొరపాటు. లావు తగ్గవలసినవారికీ ఇదే మాట.

"మా పిల్ల ఇక్కడనే హాస్టల్ల వుంటది. దానికి పొయ్యి లేదు." మైక్రోవేవ్ వుంటే గడ్డను పొడిచి, ఎనిమిది పది నిమిషాలు, మధ్యలో తిప్పుతూ పెడితే అవుతుంది. తొక్క మెత్తగా వుంటుంది, అయినా కడుపు నిండుతుంది. అదీ లేకపోతే పండుగకు ఇంటికి వచ్చినప్పుడు చేసి పెట్టండి. పట్నంలో చదివే పిల్లలు టీ, బిస్కెట్లతో పూట గడుపుతున్నారు. రోజూ ఒక పెరుగు కప్పు కొనుక్కొమ్మని చెప్పండి. ఆ పెరుగు మీ వంటి సభ్యులు పోసిన పాలతో చేసినదేనని కూడా చెప్పండి.

"మీగడ తీసుకొని మిగిలిన పాలు కేంద్రంల పోస్తే రెండూ కలిసొస్తయి గదా?" నవ్వుతూ అడిగినా ఇది నవ్వులాట మాట కాదు. మీగడ తీసిన పాలు సంఘానికి పోయకూడదు. మొదట వెన్న శాతం పడిపోయి మీకే ధర తగ్గుతుంది. పైగా మీ పాలు పక్కవాళ్ళ పాలతో కలిసి క్యానులోకి పోతాయి, సంఘం పేరు పోతుంది. ఇంటికి కావలసిన పాలు పితికిన వెంటనే, ఉన్నవి ఉన్నట్టుగా, వేరే గిన్నెలోకి తీయండి. మిగిలినవి చెయ్యి పెట్టకుండా కేంద్రానికి తీసుకుపోండి. ఇంటికీ సంఘానికీ ఒకే పాలు అందాలి.

చివరి ప్రశ్న అసలైన ప్రశ్న. వెనక కూర్చున్న ఒక తల్లి లేచి, "అమ్మా, పాలు వుంచుకుంటే బిల్లు తక్కువొస్తది. బిల్లు తక్కువొస్తే ఇంట్ల లొల్లి అయితది. ఫీజు ఎట్ల కట్టాలె?" అన్నది.

ఈ మాటను తేలికగా తీసివేయలేము. లెక్క వేద్దాము. రోజుకు ఆరు లీటర్లు ఇచ్చే బర్రె వున్నదనుకోండి. వారానికి 42 లీటర్లు. వారానికొకసారి ఈ వంట చేస్తే రెండు లీటర్లు పోతాయి. అంటే ఇరవయ్యోవంతు కన్నా తక్కువ. దానికి ఏ ఇంట్లోనూ లొల్లి అక్కరలేదు.

కాని పోషకాహార సంస్థ పట్టిక ప్రకారం నలుగురికీ రోజూ 300 మిల్లీలీటర్ల చొప్పున వుంచుకుంటే రోజుకు 1.2 లీటర్లు. అది ఆరింటిలో ఐదోవంతు. ఐదోవంతు బిల్లు అంటే చిన్న మాట కాదు. ఫీజు కట్టవలసిన నెలలో అది మరీ పెద్ద మాట. అందుకని ఒక్కసారిగా చేయమని నేను చెప్పను. మొదట ఎదిగే పిల్లలకు, చూలింతకు, బాలింతకు తీయండి. వారికి అందిన తరువాత మిగిలినవారి సంగతి. టీకి పోసే పాలు కూడా లెక్కలోకి తీసుకోండి. రోజుకు నాలుగుసార్లు కాచే టీని రెండుసార్లు చేస్తే కొత్తగా పాలు వుంచనక్కరలేకుండానే ఒక పిల్లవాడి వాటా వస్తుంది. బర్రె ఎండిపోయిన రోజులలో ప్యాకెట్టు పాలు కొనే ఇళ్ళు వున్నాయి. వాళ్ళకు పాల విలువ ఇంకా బాగా తెలుసు.

ఇంకొక మాట. తీసిన పాలు ఎవరి గ్లాసులోకి పోతున్నాయో చూడండి. మగపిల్లవాడికి గ్లాసు నిండా పోసి ఆడపిల్లకు అడుగున పోస్తే, పాలు వుంచుకున్నా ఇల్లు బాగుపడదు. ఈ గడ్డ వంటలో నాకు నచ్చినది అదే. నలుగురికి నాలుగు గడ్డలు, నాలుగు చెంచాల వెన్న. ఎవరి గడ్డ వారి చేతిలో వుంటుంది. చివరకు వండిన తల్లికి గిన్నె అడుగున మిగిలినదే గతి అన్న మాట వుండదు.

కాబట్టి సభ్యులందరికీ నా మనవి ఇది. పితికిన తరువాత క్యాను ఎత్తే ముందు ఒక చెంబు పక్కకు తీయండి. దాని మీద మూత పెట్టి, అది ఇంటివారిదని అందరికీ చెప్పండి. వచ్చే వారం నాలుగు ఆలుగడ్డలు కొని ఈ వంట చేసి చూడండి. పక్క ఇంటివారిని కూడా పిలవండి. మీ సంఘం సమావేశంలో ఎన్ని ఇళ్ళలో చెంబు తీస్తున్నారో అడిగి తెలుసుకోండి.

గడ్డలు వేడిగా వున్నాయి, చల్లారక ముందే తినండి.